మామ కూత

ఇది కాదు. ఈ పెట్టె నాకొద్దు. మొదటి దెబ్బకే కాళ్ల కింద గచ్చు అదిరింది, పేపరు గ్లాసులో టీ వణికింది, గుండెల మీద ఎవరో రోకలేసి దంచుతున్నట్టుంది, ఇంత చప్పుడు మా దొడ్డి దగ్గర చేస్తే గొర్రెలు కంచె తొక్కుకుని కొండెక్కిపోతాయి, మళ్లీ దిగమన్నా దిగవు. ఆత్మకూరు కళ్యాణ మండపంలో పెళ్లికొడుకూ పెళ్లికూతురూ కూర్చోవాల్సిన చోట నల్లపెట్టెలు కూర్చున్నాయి, ఒకదాని మీద ఒకటి, మనిషికి రెండింతల ఎత్తున, వాటికి నీలం లైట్లు, పూలదండలు కూడా వేశారు, బొట్టొకటే తక్కువ. ముందు వరసల్లో మైకుసెట్ల వాళ్లు, డీజేల వాళ్లు, కావలి వైపు నుంచీ బద్వేలు వైపు నుంచీ వచ్చినవాళ్లు, అందరూ మగవాళ్లే, తలకాయలు ఊపుతున్నారు. ఊపుకోనీ. వాళ్లకు ఊరేగింపులో కుర్రాళ్లు ఎగిరితే చాలు. నాకు కొండ మీది గొర్రె ఇంటికి రావాలి. గొర్రెల కోసం స్పీకరు కొనడానికి వచ్చిన ఆడమనిషిని వీళ్లు ఎప్పుడూ చూసి ఉండరు, చూడనీ, నేను ఉదయగిరిలో బస్సెక్కింది వీళ్లు నన్ను మెచ్చుకోవాలని కాదు. రోజంతా ఒక్కో కంపెనీ తన పెట్టెను మోగించి చూపిస్తుందట, నచ్చినవాళ్లు కొనుక్కుపోవచ్చట. సరే, వింటాను. నాకు కావాల్సింది దొరికేదాకా ఈ కుర్చీలోంచి లేచేది లేదు.

పక్క కుర్చీలో మా మామ సుబ్బన్న కర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని ముందుకు వంగి కూర్చున్నాడు. మెడ చుట్టూ తెల్ల తువ్వాలు. ఆ తువ్వాలు తీస్తే గొంతు కింద రంధ్రం, ఊపిరి అక్కణ్ణుంచే. నెల్లూరులో ఆపరేషను చేసి గొంతులోని పుండుతో పాటు మాటనూ తీసేశారు. ప్రాణం నిలిచింది, అదే పదివేలని అందరం అనుకున్నాం. నిజం చెప్పొద్దూ, మామ మాట పోయినా ఇంట్లో పెద్ద తేడా రాలేదు, ఆయన మొదటినుంచీ మాటల పిసినారే, కూర బాగుంటే ఊఁ అనేవాడు, బాగలేకపోతే అదీ లేదు. తేడా అంతా గొర్రెలకొచ్చింది. పొద్దు వాలే వేళకు మామ దొడ్డి దగ్గర నిలబడి ఒక్క కూత వేస్తే, ముళ్లకంపలో తల దూర్చినది, వాగు పక్కన నీళ్లు తాగుతున్నది, ఎక్కడున్నది అక్కణ్ణుంచి బయల్దేరేది. ఇప్పుడా కూత లేదు. దుమ్ములో తిరగొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు, మెడలోంచి దుమ్ము నేరుగా లోపలికి పోతుందట. మా ఆయన రమేష్‌బాబు రొయ్యల లారీకి డ్రైవరు, నెలకు రెండుసార్లు ఇంటికి మొహం చూపిస్తే గొప్ప. అత్తకు మోకాళ్లు పట్టేసి గడప దాటడమే కష్టం. ఇక మిగిలింది ఎవరు? నేనే. గొర్రెలు నేను తోలుకుపోతానని నేనే అన్నాను, ఎవరూ నన్ను బలవంతం చేయలేదు. పొద్దున పోవడం బాగానే పోతాయి, కడుపు ఖాళీగా ఉంటే ఎవరి వెంటైనా పోతాయి. సాయంత్రం రమ్మంటే రావు, అదీ నా తిప్పలు.

మొన్నొక సాయంత్రం కూడా రాలేదు. పిలిచీ పిలిచీ నేను ఈ గట్టు మీద ఉండగానే అవి మల్లికార్జున రెడ్డి కంది చేలో పడ్డాయి. ఆయన చెడ్డవాడేం కాదు, నన్ను ఒక్క మాట అనలేదు, నేరుగా రమేష్‌బాబుకు ఫోన్ చేశాడు. "మీ ఆడమనిషి పిలిస్తే గొర్రెలు ఇనడం లేదబ్బయ్యా, నా చేను నాశనమైంది, ఇంకోసారి వస్తే బందెలదొడ్డికి తోలిస్తా, ఏమనుకోవద్దు" అన్నాడట. నన్నే తిట్టి ఉంటే బాగుండేది. ఆ రాత్రి రమేష్‌బాబు ఫోనులో ఒకటే మాట. అమ్మేద్దాం, మొత్తం అమ్మేద్దాం, ఆదివారం బండి వస్తుంది, మాట్లాడేశాను. ఫోను స్పీకరులో ఉంది, మామ గడపలో కూర్చుని ఉన్నాడు, విన్నాడు. కేక పెట్టలేడు, వద్దనలేడు. లేచి తడుముకుంటూ దొడ్డిలోకి పోయి గొర్రెల మధ్య కూర్చున్నాడు, తెల్లారి నేను మేక పాలు పితకడానికి పోతే అక్కడే ఉన్నాడు, ఒళ్లంతా పెంటికలు. గొర్రెలు పోతే ఈ మనిషి ఏడాది తిరక్కుండా పోతాడు. ఇందులో నాకు ఏ అనుమానమూ లేదు. అందుకే ఆదివారం బండి ఖాళీగా పోవాలి. ఎట్లా పోతుందో నాకు తెలీదు, పోవాలి అంతే.

పాట ఆగింది. హమ్మయ్య. ఇంకో కంపెనీ వాళ్లు ఇంకో పెట్టె ముందుకు జరిపారు, సన్నగా పొడుగ్గా ఉంది, దాని వెనక కుర్రాడెవరో కళ్లు మూసుకుని వినమన్నాడు. మూసుకున్నాను. వాన. అబ్బ, ఎంత వాన! ముందు రేకుల మీద పడ్డ వాన, తరవాత ఆకుల మీద వాన, ఎక్కడో దూరంగా ఉరుము, ముందు వరసలో ఒకాయన తల ఎత్తి పైకప్పు చూశాడు, నాకు నవ్వొచ్చింది. ఇట్లాంటి వానలోనే కదా మామ గొంగడి కప్పుకుని కొండ వాలులో నిలబడి కూసింది, అప్పుడు నా పెళ్లయి ఎన్నాళ్లో కాలేదు, వాన హోరుకు పక్కన మనిషి మాట పక్కన మనిషికి వినపడని రోజు, ఆ హోరును చీల్చుకుని కూత పోయింది, కింద లోగొంతుతో మొదలై, మధ్యలో పైకి ఎక్కి, అక్కడ ఒక విరుపు విరిగి, చివర మూడు పొట్టి పిలుపులు. నీళ్ల తెరలోంచి ఒకటొకటే గొర్రె బయటికొచ్చింది. గుమ్మంలో నిలబడి నేను నోరు తెరుచుకుని చూస్తుంటే అత్త వెనక నుంచి వచ్చి నా భుజం గిల్లింది. "మామ ఉన్నచోట ఏందా నిలబడటం, లోపలికి రా. ఇంకో మాట, మామ చెవిన నీ గొంతు పడకూడదు, మా ఇంట్లో ఆ పద్ధతి లేదు." ఆమెకు వాళ్ల అత్త చెప్పిందట, ఆమెకు ఇంకో అత్త. నాకేం కష్టం అనిపించలేదు, పద్ధతి అంటే పద్ధతే. మామ స్నానానికి నీళ్లు పెడితే చెంబు గచ్చు మీద టక్కున కొడతాను, అన్నానికి పిలవాలంటే కంచం మోగిస్తాను, మరీ చెప్పాల్సింది ఉంటే మా పాప గోపిక చెవిలో చెప్తాను, అది పోయి అరిచి చెప్తుంది. ఆపరేషనయ్యాక మాట్లాడేవాడూ లేడు, మాట్లాడేదీ లేదు, మామా నేనూ ఇద్దరం చెంబులూ కంచాలే.

"ఏమక్కా, నచ్చిందా?" వెనక నుంచి పెంచలప్రసాద్ వంగాడు. ఉదయగిరిలో మైకుసెట్టు నడిపేది ఇతనే, గొర్రెలకు వినపడే స్పీకరు కావాలని నేను పోయి అడిగితే పొట్ట పట్టుకుని నవ్వి, నవ్వడం అయిపోయాక, ఆత్మకూరులో షో జరుగుతోంది, నీ చెవుల్తో నువ్వే ఇని తీసుకో అని చెప్పిందీ ఇతనే. ఇది వానకు బాగుంది గానీ దూరం పోదేమో అన్నాను.

"ఏందక్కా?"

దూరం పోదేమో అన్నాను మళ్లీ.

"వినబళ్ళా. ఇన్ని స్పీకర్లు పెట్టుకోని గుసగుసలేందక్కా, కొంచెం గట్టిగా చెప్పు."

మామ పక్కనే ఉన్నాడు కదా, ఎట్లా గట్టిగా చెప్పేది? చేత్తో దూరంగా చూపించి, తల అడ్డంగా ఊపాను. అర్థమైంది అతనికి. బస్సులో కూడా ఇదే గోల, కండక్టరు ఎక్కడికని మూడుసార్లు అడిగి విసుక్కున్నాడు, చివరికి మామే వేలెత్తి ఎదురుగా రోడ్డు చూపించాడు. మామను తీసుకురావాలని నేను అనుకోలేదు. స్పీకరు కొని, ఆయన పాత కూత అందులో పెట్టి, సాయంత్రం గట్టు మీద పెట్టి మోగిస్తామని గోపిక చేత చెప్పించాను, అవుననలేదు, కాదనలేదు, పొద్దున చూస్తే తెల్ల తువ్వాలు చుట్టుకుని బస్టాండులో నాకంటే ముందు నిలబడి ఉన్నాడు. దుమ్మని చెప్పి ఇంటికి పంపాలనుకున్నాను. ఆయన కళ్లు చూసి ఊరుకున్నాను.

వాన పోయి మృదంగం వచ్చింది, మృదంగం పోయి రైలు వచ్చింది, రైలు ఈ గోడలోంచి వచ్చి ఆ గోడలోకి పోయింది. గొర్రెలకు రైలెందుకు? కొండలో నేనూ అన్నీ చేసి చూశాను. దొడ్డి దగ్గర నేను పిలిచేటప్పుడు మామ రోజూ అక్కడే మంచం వేయించుకుని కూర్చుంటాడు, కళ్లప్పగించి నన్నే చూస్తుంటాడు. పాపం, నాకు తోడుగా ఉందామని. ఆయన ఎదురుగా గొంతెత్తి కూయడానికి నాకు నోరు రాదు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏదో పిలుస్తాను, ఆ పిలుపు నా పక్కనున్న మేకపిల్లక్కూడా వినపడదు. అదే కొండలోకి పోయాక, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, గొంతు బొంగురు చేసుకుని అచ్చం మామలాగే కూస్తాను. మంద ముందు నడిచే గొర్రె ఒకటుంది మాకు, కళ్ల చుట్టూ నల్లమచ్చల జోడిపి, అది నావైపు ఒక్క చూపు చూస్తుంది చూడూ, ఎవరే నువ్వు, మా సుబ్బన్నవా, అన్నట్టు, మళ్లీ మేతలో పడుతుంది. దాని మొహం మీద రాయి విసరాలనిపిస్తుంది. విసిరాను కూడా ఒకసారి, తగల్లేదులే.

అట్లా ఒకరోజు ఏడుపొచ్చి గట్టు మీద కూర్చుని ఫోను తీస్తే, గోపిక ఎప్పుడో పుట్టిన పిల్లను ఆడిస్తూ తీసుకున్న వీడియో మోగింది. పిల్ల గంతులు, గోపిక నవ్వు, వాటి వెనక ఎక్కడో మామ కూత. మామ కూతే! మొత్తం కూత, మొదటినుంచి చివరి మూడు పిలుపుల దాకా. ఎదురుగా జోడిపి చటుక్కున తలెత్తింది. రెండు చెవులూ నిలబెట్టింది. మళ్లీ మోగించాను, రెండడుగులు వేసింది, ఆగింది, ఫోనులో చీమ గొంతుకు అంతకంటే రాలేదు. కానీ వేసింది కదా రెండడుగులు! చిన్న ఫోనుకే రెండడుగులు వేసింది పెద్ద పెట్టెకు ఇల్లు చేరదా? ఆ రెండడుగులు పట్టుకునే నేను పెంచలప్రసాద్ దగ్గరికి పోయింది, ఆ రెండడుగులు పట్టుకునే ఇక్కడ కూర్చుంది. రెండు పొట్టేళ్లను అమ్మితే పెట్టె వచ్చేస్తుంది, రెండు పోయినా మంద మిగుల్తుంది, రమేష్‌బాబు కేకలేస్తే వేసుకోనీ.

ఇదిగో, ఇదీ. ఈ మూడో పెట్టెను చూడగానే నా వెన్ను నిటారైంది. పెద్దదేం కాదు, చక్రాల మీద లాక్కుపోవచ్చు, కరెంటు అక్కర్లేదు, బ్యాటరీతో నడుస్తుందట, నెత్తిన పాతకాలపు మైకు గొట్టం ఒకటి బిగించి ఉంది. దీన్ని చూపించే అబ్బాయి పేరు మాధవ్, చొక్కా మీద రాసి ఉంది, నెల్లూరు మాట, మంచి నవ్వు. అందరూ పాటలేసి చెవులు తూట్లు పెడుతుంటే ఇతను పెట్టెలో మనిషి మాట వేశాడు, ఎవరో పెద్దాయన నిదానంగా ఏదో చెప్తున్నాడు, ప్రతి అక్షరం విడివిడిగా వచ్చి చెవిలో కూర్చుంది. "ఇది దడదడలకు పనికి రాదు సార్, ముందే చెప్తన్నా. మాటకు ఇది. పొలాల్లో పెడితే అవతల ఊరికి వినపడతాది" అన్నాడు. ముందు వరసలోవాళ్లు కొందరు టీకి లేచిపోయారు. నేను పెంచలప్రసాద్ చెయ్యి పట్టుకున్నంత పని చేశాను. మాధవ్ చుట్టూ చూసి, "మీ సొంతది ఏదన్నా ఉంటే ఇవ్వండి, వేసి వినిపిస్తా" అన్నాడు. ఫోను తీసి పెంచలప్రసాద్ చేతిలో పెట్టాను.

"ఏం పాట మేడం?" అన్నాడు మాధవ్.

పాట కాదు, మా మామ, అన్నాను. అతనికి వినపడలేదు. పెంచలప్రసాద్ అందుకుని, "ఈ పెద్దాయన కూతబ్బా అది. ఆపరేషన్లో గొంతు పోయింది. గొర్రెలకు వినిపించాల. ఫుల్ పెట్టు" అన్నాడు. మాధవ్ నవ్వలేదు. మామ వైపు ఒకసారి చూసి, ఫోనుకు ఏదో తగిలించి, మీట పైదాకా తిప్పాడు.

"ఓ... హో... య్య్! బ్బా... బ్బా... బ్బా!"

దేవుడా. మండపమంతా మామే. టీ దగ్గరికి పోయినవాళ్లు గ్లాసులు పట్టుకుని ఆగిపోయారు, గోడల పరదాలు కదిలాయి, లోగొంతు, ఎక్కడం, ఆ విరుపు, ఆపరేషనుకు ముందటి మామ, కొండ కింది మామ, ఆయన పళ్ల మధ్య పొగాకు వాసనతో సహా వచ్చి నిలబడ్డాడు. దొరికింది! జోడిపీ, నువ్వు రాకుండా ఎట్లా పోతావో చూస్తానే! నా కళ్లల్లో నీళ్లు, నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలీదు, మామకు ఎట్లా ఉందో చూద్దామని తిరిగాను. మామ కుర్చీలోంచి సగం లేచి ఉన్నాడు. నోరు తెరిచి ఉంది, కూత ఎట్లా పోతుందో పెదవులు అట్లాగే కదిలాయి, విరుపు దగ్గర విరిగాయి, చివరి మూడూ పెదవులతో పిలిచాడు, గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. తరవాత ఆయన తలుపు వైపు చూశాడు. కుర్చీల మధ్య నేల చూశాడు. మళ్లీ తలుపు. గొర్రెల కోసం చూస్తున్నాడు! ఇక్కడ గొర్రెలుండవని ఆయనకు తెలీదా, తెలుసు, అయినా పిలిచినవాడు చూడకుండా ఎట్లా ఉంటాడు. మాధవ్ మెచ్చుకోలుగా మళ్లీ మోగించాడు. మామ మొహం మాడిపోయింది. గబగబా పోయి పెట్టె గొట్టానికి అరచెయ్యి అడ్డం పెట్టాడు, కూత వేళ్ల సందుల్లోంచి వస్తూనే ఉంది, రెండో చెయ్యీ పెట్టాడు. మాధవ్ కంగారుపడి ఆపేశాడు.

ఎందుకు అడ్డం పెట్టాడో నాకప్పుడు తెలిసింది. పెళ్లయిన కొత్తలో రమేష్‌బాబు నా ముందు గొప్ప పోదామని మిట్టమధ్యాహ్నం మందను కూతేసి పిలిచాడు. కొండ సగంలో ఉన్నవి నాలుకలు వేలాడేసుకుని పరిగెత్తుకొచ్చాయి, చూసినావా నా పవరు అని నవ్వాడు, వాటికి పెట్టడానికి చేతిలో పిడికెడు గడ్డి లేదు, తొట్టిలో నీళ్లు లేవు. మామ వచ్చాడు. కొట్టలేదు. కొడుకు రెక్క పట్టుకుని మంద మధ్యలోకి తీసుకుపోయి ఎండలో నిలబెట్టాడు. "పిలిచినోడు ఆడ ఉండాలరా. అవి నిన్ను నమ్మి వచ్చినాయి. మనిషి లేని పిలుపు పిలిస్తే రేపు వరదొచ్చి పిలిచినా రావు." పొద్దు వాలేదాకా ఆయన కొడుకును కదలనివ్వలేదు. మరి నేను చేయబోయింది ఏమిటి? ఒక పెట్టెను గట్టు మీద పెట్టి, మనిషి లేని కూతను రోజూ వాటి మీదికి వదలాలని. జోడిపి నమ్మి వస్తుంది. వచ్చి మామ కోసం వెతుకుతుంది. పెట్టె ఉంటుంది.

అయితే అయింది. ఆదివారం బండొస్తే దాన్ని ఏ పద్ధతి ఆపుతుంది? నాకు కోపం వచ్చింది, నిజంగా వచ్చింది, లేచిపోయి మామ ముందు నిలబడ్డాను. "ఇంకేం చేయమంటావు మామా? ఆదివారం బండొస్తాది. ఇంకేం దారి ఉండాది?" అదీ గుసగుసే, తిట్టూ గుసగుసే, నా బతుకంతా గుసగుసే. మామ నా మొహంలోకి చూశాడు. కర్ర ఎత్తి తన మెడ మీది తువ్వాలు చూపించి, తల అడ్డంగా ఊపాడు. తరవాత కర్ర కొనతో నన్ను చూపించాడు. మాధవ్ పాపం మంచివాడు, నేను మాట్లాడాలనుకున్నాడేమో, మైకు తెచ్చి నా చేతిలో పెట్టాడు. మామ ఆ మైకును నా చేతిలోంచి తీసి మాధవ్‌కు తిరిగిచ్చేశాడు. ఇచ్చేసి, నాకు వీపు తిప్పి, కుర్చీల మధ్య నుంచి తలుపు వైపు నడిచాడు.

అలిగాడనుకున్నాను. "యాడికి తాతా?" అన్నాడు పెంచలప్రసాద్. మామ తిరగలేదు. నాలుగు అడుగులు వేసి ఆగి, ఒక కుర్చీ పక్కన వంగి, కింద పడి ఉన్న సమోసా కాగితాన్ని మూతితో కెలికినట్టు కర్రతో కెలికి, తలను ఇటూ అటూ ఆడించి, మళ్లీ రెండడుగులు వేసి, ఇంకో కుర్చీ దగ్గర వంగాడు. ఏమిటీ మనిషి... మేస్తున్నాడు! మామ మేస్తున్నాడు! ఊళ్లో పెద్దమనుషుల ముందు తువ్వాలు భుజం మీంచి జారనివ్వని మనిషి, ఇంతమంది మగవాళ్ల మధ్య, నాకోసం గొర్రె అయ్యాడు. ఎవరో కిసుక్కుమన్నారు. నాకు సిగ్గుతో తల పగిలిపోతోంది. పిలవాలి. పిలవమంటున్నాడు. గొంతు బొంగురు చేసుకుని, ఆయన కూతను ఆయనలాగే కూశాను, చివర దగ్గొచ్చింది. మామ వినలేదు, మేస్తూనే పోయాడు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఇంకోసారి పిలిచాను, అది నాకే వినపడలేదు, మామ తలుపు దాటాడు. రోజూ మంచం వేసుకుని నా ఎదురుగా ఎందుకు కూర్చుంటున్నాడో నాకు అప్పుడు అర్థమైంది. నా గొంతు వినడానికి కూర్చున్నాడు. అది తన చెవిన పడకూడదని నేను మింగుతూ కూర్చున్నాను. ఎంత తెలివితక్కువ పని చేశాం ఇద్దరం!

నేను మెట్ల దగ్గరికి పరిగెత్తేసరికి మామ ఆవరణలో సగం దూరం పోయాడు. ఎదురుగా గేటు, గేటు అవతల బద్వేలు రోడ్డు, బస్సులు, లారీలు, దుమ్ము. తువ్వాలు ఒక పక్కకు జారిపోయింది, మెడకు గాలి కొడుతోంది, ఆయనకు పట్టలేదు, తల వంచుకుని పోతూనే ఉన్నాడు. ఆగడు. నేను పిలవకపోతే ఈయన రోడ్డు మీదికి కూడా పోతాడు, నాకు తెలుసు, ఈ మొండితనం నాకు తెలుసు. కొంగు నడుముకు దోపాను. ఏం కూయాలో అనుకోలేదు, నోరు తెరిచాను, అంతే.

"ఏ... య్య్... రా... రా... రా... రో!"

అది మామ కూత కాదు. లోగొంతు లేదు, విరుపు లేదు, సన్నగా, కీచుగా, పైపైకి పోయింది, ఎక్కడికి పోతుందో నాకే తెలీలేదు, ఆవరణ దాటింది, రోడ్డు దాటింది, అవతల అంగడి ముందు మనిషి తలెత్తి చూశాడు. నా వెనక మండపం తలుపు నిండా మనుషులు. చూడనీ, విననీ! ఊపిరి ఉన్నంత మేరా లాగాను, ఆగి, మళ్లీ అందుకున్నాను, గొంతు మండింది, మండనీ. మామ ఆగాడు. గేటు కమ్మీ పట్టుకుని, వీపు నావైపే పెట్టి, నిలబడ్డాడు. రావేం? ఈడ ఉండాను, ఈడే ఉండాను, రా! మూడోసారి కూశాను. తిరిగాడు. తల వంచుకుని, నిదానంగా, ఆవరణంతా నడిచి, మెట్లెక్కి, నా ముందుకొచ్చి నిలబడి అరచెయ్యి చాపాడు. నాకు అర్థం కాలేదు. చెయ్యి ఇంకొంచెం ముందుకు చాపాడు. అప్పుడు తెలిసి, చేతిసంచిలోంచి పొద్దున బస్టాండులో కొన్న బిస్కెట్ల పొట్లం తీసి ఒకటి పెట్టాను. అక్కడే నిలబడి తిన్నాడు. తింటూ నవ్వాడు, చప్పుడు లేకుండా, భుజాలు ఊగిపోయేట్టు. నేను ఆయన తువ్వాలు సర్ది మెడకు చుట్టాను, మామను నేను ముట్టుకోవడం అదే మొదలు.

జోడిపి రేపే వచ్చేస్తుందని నేననుకోవడం లేదు. అంత మర్యాదస్థురాలు కాదది. రేపు రాదు, ఎల్లుండీ రాకపోవచ్చు, ఇంకో చేలో పడితే మల్లికార్జున రెడ్డి కాళ్లు పట్టుకుంటాను. పిలుస్తాను. దొడ్డి ముందు నిలబడి, మామ మంచం మీద కూర్చుని చూస్తుండగా, అత్త లోపలి నుంచి ఏమన్నా అననీ, నా నోటితో నేను పిలుస్తాను, వచ్చేదాకా పిలుస్తాను, వచ్చినప్పుడు అక్కడ ఉంటాను. మాధవ్ చేతిలోంచి నా ఫోను తీసుకున్నాను, పెట్టె వద్దులే అబ్బాయ్ అన్నాను, ఈసారి అతనికి వినపడింది. అక్కడే మెట్ల మీద నిలబడి రమేష్‌బాబుకు ఫోను చేశాను. లారీ ఇంజను చప్పుడు, హారను, ఆ తరవాత అతని గొంతు.

"నేనే. ఆ బండోళ్లకు ఇప్పుడే ఫోన్ జేసి రావద్దని చెప్పు."

"ఏందీ?"

"గొర్రెల్ని అమ్మేది లేదు. ఒక్కదాన్ని గూడా. నేనే తోల్తా, నేనే పిలస్తా. ఆదివారం బండొస్తే ఖాళీగా పోతాది, ఇప్పుడే చెప్తన్నా."

"ఏందే ఆ అరుపు?" అన్నాడు. "నాయన నీతో రాలా? పక్కన లేడా?"

"ఉండాడు," అన్నాను, గొంతు తగ్గించకుండా. "పక్కనే ఉండాడు. వింటన్నాడు."